సున్నా మార్కుల వాళ్లతో సహవాసం

ఫిన్నిష్ భాషలో నేను మొదట నేర్చుకున్న అంకె ఒకటి కాదు, సున్నా. వాళ్లు దాన్ని 'నొల్లా' అంటారు. నేర్పింది మా టీమ్ లీడ్. 2006 ఫిబ్రవరిలో, బయట గడ్డం కింద ఊపిరి కూడా గడ్డకడుతున్న ఒక రోజున, ఆఫీసు కాఫీ గదిలో కాగితం నాప్‌కిన్ మీద మూడు సంవత్సరాలు రాశాడు: 1963, 1965, 1982. ఒక్కోదాని పక్కన గుండ్రంగా ఒక్కో సున్నా చుట్టాడు. సర్వర్లు పడిపోయిన సంవత్సరాలేమో అనుకున్నాను. "కాదు, పాటల పోటీలో మా దేశానికి సున్నా వచ్చిన సంవత్సరాలు" అన్నాడు. మొహం చేటంత చేసుకుని, మనవాళ్లు కొడుక్కి వచ్చిన ఎంసెట్ ర్యాంకు చెప్పినట్టు చెప్పాడు.

మాది తెనాలి. మా ఇంట్లో లెక్కల్లో 92 వస్తే మిగతా ఎనిమిది ఏమయ్యాయని అడిగేవాళ్లు. మా వీధిలో మార్కులు తక్కువొచ్చిన పిల్లాడు ఆ ఏడాది పెళ్లిళ్లకు కూడా వెళ్లేవాడు కాదు. అలాంటిచోట పెరిగినవాడికి, తన దేశం ఎన్నిసార్లు ఆఖరున నిలిచిందో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పే మనిషి ఎదురైతే ఏమనాలో తెలియదు కదా. "అయ్యో" అన్నాను. ఆయన నవ్వాడు. హెల్సింకి పక్కనున్న ఎస్పూలో దిగి నెల దాటినా మా లీడ్ పళ్లు కనిపించేలా నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఆ పోటీ పేరు యూరోవిజన్. అప్పటిదాకా ఆ పేరు విననేలేదు. పాటల పోటీ అంటే నాకు తెలిసింది ఈటీవీలో 'పాడుతా తీయగా'. బాలు గారు ఎదురుగా కూర్చుని, పిల్లాడు తాళం తప్పితే నొప్పించకుండా చెప్పి, ఆపైన ఆ పాట పుట్టిన కథ చెప్పే పద్ధతి. ఇక్కడ పద్ధతే వేరు. మనుషులు కాదు, దేశాలు పోటీ పడతాయి. ఒక్కో దేశం ఒక్కో కొత్త పాట పంపిస్తుంది, మూడు నిమిషాలు దాటకూడదు. తర్వాత ప్రతి దేశం మిగతావాళ్లకు మార్కులు వేస్తుంది. ఎవరి పాటకు వాళ్లు వేసుకోకూడదు. అందరికన్నా నచ్చిన పాటకు 12, తర్వాతదానికి 10, ఆ తర్వాత 8 నుంచి ఒకటి వరకు. 1975 నుంచి ఇదే లెక్క, 2016 నుంచి మాత్రం జడ్జీలూ జనమూ విడివిడిగా వేస్తున్నారు. దేశం తర్వాత దేశం తెర మీదకు వచ్చి మార్కులు చదువుతుంటే ఎన్నికల కౌంటింగ్ రోజు టీవీ ముందు కూర్చున్నట్టే ఉంటుంది. గ్రీసు, సైప్రస్ ఒకరికొకరు 12 ఇచ్చుకుంటే హాలంతా నవ్వుతుంది. పెళ్లి చదివింపుల లెక్కలాంటిది, పుచ్చుకున్నవాళ్లు తిరిగి ఇవ్వకపోతే మాటొస్తుంది.

1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో ఏడు దేశాలతో మొదలైందట. ఫిన్లాండ్ చేరింది 1961లో. అప్పటినుంచి 2006 దాకా వాళ్లకు దక్కిన గొప్ప స్థానం ఆరు. అదీ 1973లో, ఒక్కసారి.

ఆ చలికాలంలో శుక్రవారం మధ్యాహ్నాలు మా లీడ్ నాకు పాఠాలు చెప్పేవాడు. పెందలాడే చీకటి పడే ఊళ్లో మనిషి ఏదో ఒకటి చేయాలి కదా. కాఫీ పోసుకుని, కంప్యూటర్‌లో పాత వీడియోలు పెట్టేవాడు. ఆయనకు ఇష్టమైన గాయకుడు ఫిన్లాండ్ వాడు కూడా కాదు, నార్వేకు చెందిన యాన్ టైగెన్. 1978లో ఆయన వేదిక మీద ప్యాంటు పట్టీలు చేత్తో లాగి టప్‌మని వదులుతూ, పాట చివర్లో గాల్లోకి ఎగిరి మరీ పాడాడు. కొత్త మార్కుల పద్ధతి వచ్చాక సున్నా తెచ్చుకున్న మొదటివాడు ఆయనే. తలదించుకుని ఇంటికి పోలేదు. ఆ పాట నార్వేలో హిట్టయింది, ఆయన పెద్ద స్టార్ అయ్యాడు. తర్వాత మరో రెండుసార్లు అదే పోటీకి వెళ్లాడు. ఆ ఎగిరే క్షణాన్ని మా లీడ్ వెనక్కి తిప్పి తిప్పి చూపించేవాడు.

1982 నాటి సొంత సున్నా కూడా చూపించాడు. కోయో అనే గాయకుడు ఎర్ర తోలు బట్టల్లో అణుబాంబు గురించి పాడతాడు. వెనక ఒకాయన పెద్ద డప్పు వేసుకుని వాయిస్తుంటాడు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ పాట అంత పాపం చేసినట్టు అనిపించలేదు.

గెలిచినవాళ్ల పాఠాలు కూడా చెప్పాడు గానీ కాస్త అయిష్టంగా, సిలబస్‌లో ఉంది కాబట్టి చెబుతున్నాననే ధోరణిలో. 1974లో బ్రిటన్‌లోని బ్రైటన్‌లో స్వీడన్ బృందం ఆబ్బా గెలిచింది. 'వాటర్లూ' పాటకు తగ్గట్టు ఆర్కెస్ట్రా నడిపే ఆయన నెపోలియన్ వేషంలో వచ్చాడు. ఆ రాత్రి ఆబ్బాకు బ్రిటన్ ఇచ్చిన మార్కులు ఎన్నో తెలుసా అని అడిగి, నాప్‌కిన్ మీద మళ్లీ ఒక సున్నా చుట్టాడు. 1988లో స్విట్జర్లాండ్ తరఫున కెనడా అమ్మాయి సెలీన్ డియాన్ ఒకే ఒక్క పాయింటుతో గెలిచింది. 1994లో డబ్లిన్‌లో, ఓట్ల లెక్కింపు అయ్యేదాకా జనానికి కాలక్షేపం కోసం పెట్టిన ఏడు నిమిషాల ఐరిష్ నాట్యం, పోటీలో పాటలన్నిటినీ మింగేసి 'రివర్‌డాన్స్' పేరుతో ప్రపంచమంతా తిరిగింది. ఆ ఏడాది గెలిచిన పాట ఎంతమందికి గుర్తుందో గానీ ఆ కాళ్ల చప్పుడు మాత్రం అందరికీ గుర్తే.

నన్ను కట్టిపడేసింది మాత్రం 1974 నాటి పోర్చుగల్ పాట. ఆబ్బా గెలిచిన ఆ రాత్రే పావులో ద కార్వాల్యో అనే యువకుడు ఒక విరహగీతం పాడాడు. వచ్చినవి మూడే పాయింట్లు, మరికొందరితో కలిసి ఆఖరి స్థానం. ఇంకా మూడు వారాలు కూడా గడవలేదు, ఏప్రిల్ 24 రాత్రి లిస్బన్ రేడియోలో ఆ పాట వేశారు. వింటున్న మామూలు జనానికి అది పాటే. బ్యారక్‌లలో ఎదురుచూస్తున్న సైనికాధికారులకు మాత్రం అది సంకేతం. మర్నాటి సాయంత్రానికి దశాబ్దాల నియంతృత్వం కూలింది. తుపాకీ గొట్టాల్లో జనం కార్నేషన్ పూలు గుచ్చారు. ఆఖరున నిలిచిన పాట! ఇది విన్న రోజు నేను హెల్సింకి వైపు వెళ్లాల్సిన రైలు బదులు ఎదురు దిక్కుకు వెళ్లే రైలెక్కి రెండు స్టేషన్లు పోయాక చూసుకున్నాను.

మార్చిలో పిడుగు పడింది. ఆ ఏడాది ఫిన్లాండ్ తరఫున ఏథెన్స్ వెళ్లడానికి జనం ఓట్లేసి ఎన్నుకున్నది లోర్డి అనే హార్డ్ రాక్ బృందాన్ని. ఐదుగురూ రాక్షసులే. రబ్బరు తొడుగులు, కొమ్ములు, కోరలు, మోకాలి దాకా బూట్లు. నాయకుడు మిస్టర్ లోర్డి, ఉత్తరాన రొవానియెమికి చెందినవాడు. ఆ వేషాలన్నీ తనే తయారుచేసుకుంటాడట. ఆఫీసులో రెండు వర్గాలయ్యాయి. పరువు పోతుందని ఒకరంటే, పోవడానికి పరువెక్కడుంది అని ఇంకొకరు. మా లీడ్ రెండో వర్గం. నాకైతే వింతగా అనిపించలేదు. చిన్నప్పుడు దసరాకి ఇంటి ముందుకొచ్చే వేషగాళ్లను చూసి మంచం కింద దూరినవాణ్ణి, నరసింహస్వామి వేషగాడు గడప మీదే హిరణ్యకశిపుడి పొట్ట చీలుస్తుంటే చూసినవాణ్ణి. అదే మాట ఆఫీసులో చెబితే, "మీ దేశంలో ఇవి దేవుడి వేషాలా?" అని మా టెస్టింగ్ అమ్మాయి అరగంట ప్రశ్నలు వేసింది. అప్పటిదాకా నాతో "గుడ్ మార్నింగ్" దాటి మాట్లాడలేదు.

మే 20, శనివారం. ఫైనల్ మా లీడ్ ఇంట్లో చూద్దామన్నారు. ఫిన్లాండ్‌లో ఇంటికి పిలవడమంటే చిన్న విషయం కాదు. నేను పులిహోర కలిపి పట్టుకెళ్లాను. అక్కడ కరేలియన్ పిరాకాలున్నాయి, పల్చటి రై పిండి పొరలో అన్నం పెట్టి కాల్చేవి, పైన ఉడికించిన గుడ్డు కలిపిన వెన్న. అన్నం తినేవాళ్లం ఇద్దరమూ అని అందరం ఒప్పుకున్నాం. ఇంగువ వాసనకు వాళ్ల కుక్క మాత్రం తోటలోకి వెళ్లిపోయి రాత్రంతా లోపలికి రాలేదు.

రాత్రి పదికి ప్రోగ్రాం మొదలైంది. బయట సూర్యుడు అప్పుడే దిగుతున్నాడు, తెరలు వేస్తే గానీ టీవీ సరిగ్గా కనపడలేదు. లిథువేనియా వాళ్లు ఆరుగురు సూట్లు వేసుకుని వచ్చి, "మేమే విజేతలం, మాకే ఓటేయండి" అని పాడారు. పాటంతా అంతే. హాల్లో జనం గోల చేస్తే వీళ్లు ఇంకా గట్టిగా పాడారు. ఆ ధీమాకి ఆరో స్థానం వచ్చింది. రష్యా నుంచి దీమా బిలాన్ వచ్చాడు. తెల్ల పియానో మీద గులాబీ రేకులు, ఆ పియానోలోంచి తెల్లగా ఒక అమ్మాయి పైకి లేచింది. నేను ఉలిక్కిపడ్డాను. రాక్షసులకు భయపడనివాణ్ణి దానికి జడుసుకున్నానని ఇప్పటికీ ఏడిపిస్తారు.

తర్వాత లోర్డి. తల మీద ఫిన్లాండ్ జెండా రంగుల టోపీ, చేతిలో గొడ్డలి ఆకారంలో మైకు. నిప్పులు లేచాయి. చివర్లో వీపు మీద నుంచి గబ్బిలం రెక్కలు విచ్చుకున్నాయి. మా లీడ్ భార్య చర్చిలో పాడే మనిషి. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "పాట బాగుంది" అంది. ఆ మాటతో గది తేలికపడింది.

ఓట్లు మొదలయ్యాయి. మొదట ఎవరూ మాట్లాడలేదు. ఫిన్లాండ్‌లో మాట్లాడకపోవడం మామూలే గానీ ఇది వేరే రకం. 8 వచ్చింది, 10 వచ్చింది, 12 వచ్చింది. మళ్లీ 12. స్వీడన్ 12 ఇచ్చినప్పుడు మా లీడ్ లేచి నిలబడి, ఏం చేయాలో తోచక మళ్లీ కూర్చున్నాడు. పక్కింటి అన్నతో తరాలుగా పోటీ పడే తమ్ముడికి ఆ అన్న వచ్చి దండేస్తే ఎలా ఉంటుంది? అదీ ఆయన పరిస్థితి. చివరికి 292. అప్పటిదాకా ఆ పోటీలో ఎవరికీ అన్ని రాలేదు. రెండో స్థానంలో బిలాన్‌కు 248.

గెలిచామని తెలిశాక ఆ ఇంట్లో ఎవరూ అరవలేదు. మా లీడ్ వంటింట్లోకి వెళ్లాడు, ఎంతసేపటికీ రాలేదు. నేను వెళ్లి చూస్తే సింకు దగ్గర నిలబడి, కడిగిన కప్పులనే మళ్లీ కడుగుతున్నాడు. "ఇప్పుడు ఏం చేస్తారు, గెలిస్తే?" అని అడిగాడు నన్ను. ఎగతాళికి కాదు, నిజంగానే. ర్యాంకుల దేశం నుంచి వచ్చినవాణ్ణి కదా, నాకు తెలిసుంటుందని. "స్వీట్లు పంచుతాం" అన్నాను. అర్ధరాత్రి ఒంటిగంట దాటాక ఆ ఇంట్లో దొరికిన తీపి, నల్లటి ఉప్పు లికరైస్ బిళ్లలు. అవే పంచారు. దాన్ని తీపి అనడం వాళ్ల మంచితనం. నోట్లో వేసుకుంటే కారు టైరుకు ఉప్పు రాసినట్టుంటుంది. నవ్వుతూ మింగాను. అప్పుడు వీధిలోంచి కారు హారన్లు వినపడ్డాయి, ఆ తర్వాత ఎవరో గొంతెత్తి పాడటం. అది విని అప్పుడు బయటికి వచ్చి అరిచారు అందరూ.

ఆరు రోజుల తర్వాత హెల్సింకి రేవు పక్కన మార్కెట్ స్క్వేర్‌లో సన్మానం. బస్సులో పక్క సీటు ఖాళీగా లేకపోతే నిలబడటానికే ఇష్టపడే జనం, భుజం భుజం రాసుకుంటూ పదుల వేలమంది. వీపు మీద అట్ట రెక్కలు కట్టుకున్న పిల్లలు. సూటు వేసుకున్న ముసలాయన నుదుటికి రెండు కొమ్ములు అంటించుకుని, ఎంతో గంభీరంగా, ఐస్‌క్రీం తింటున్నాడు. అందరూ కలిసి ఆ పాటే పాడారు. రొవానియెమిలో ఒక కూడలికి లోర్డి పేరు పెట్టారు, పోస్టల్ స్టాంపు కూడా వేశారు. ఆ వారాల్లోనే ఒక పత్రిక ముసుగు లేని మిస్టర్ లోర్డి ఫొటో అచ్చేస్తే జనం మండిపడ్డారు, పత్రిక క్షమాపణ చెప్పుకుంది. రాక్షసుడి గుట్టు కాపాడటం దేశం బాధ్యత అన్నట్టు.

గెలిచినవాళ్లే మరుసటి ఏడు పోటీ జరపాలి. అలా 2007 మేలో యూరప్ అంతా హెల్సింకి వచ్చింది. అసలు ఫైనల్‌కు టికెట్ దొరకలేదు, రిహార్సల్‌కు దొరికింది. రిహార్సలంటే ఉత్తుత్తిది కాదు, బట్టలు, లైట్లు, జనం, అన్నీ అసలుదానిలాగే. అక్కడే చూశాను వెర్కా సెర్దుచ్కాను. ఉక్రెయిన్ హాస్యనటుడు ఆంద్రీ దనిల్కో వేసే ఆడవేషం అది, రైలు పెట్టెలో దుప్పట్లు, టీ ఇచ్చే అటెండరమ్మ పాత్ర. ఒళ్లంతా వెండి రేకులాంటి బట్ట, తల మీద పెద్ద నక్షత్రం. వంటింట్లో ఫాయిల్ చుట్ట మొత్తం విప్పి చుట్టుకున్నట్టుంది. జర్మన్, ఇంగ్లీష్, ఉక్రేనియన్ అన్నీ కలిపి పాడుతుంది, అకార్డియన్ మోగుతుంది, హాల్లో కూర్చున్నవాడు లేడు. పాటలో "లాషా తుంబాయ్" అన్న మాట కొందరికి "రష్యా గుడ్‌బై" అని వినపడి రచ్చయింది. కాదు, మంగోలియన్‌లో చిలికిన వెన్న అని అర్థం అన్నాడు దనిల్కో, కన్ను గీటకుండా.

నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. స్థానం నరసింహారావు గారి సత్యభామను తెనాలిలో చూసిన మనిషి. "ఆయన వాలుజడ ముందుకు వేసుకుంటే మా ఆడవాళ్లు ఇంటికొచ్చి అలా వేసుకోవడం నేర్చుకునేవాళ్లురా" అనేవాడు. వెర్కాకి ఆ సొగసు లేదు, ఆ అవసరమూ లేదు. మా వైపు మాటల్లో చెప్పాలంటే గయ్యాళి మేనత్త పెళ్లికొచ్చి, బ్యాండు మేళం ముందు అందరికంటే ముందు గంతులేసినట్టు. రెండో స్థానం వచ్చింది. గెలిచింది సెర్బియా అమ్మాయి మరియా షెరిఫోవిచ్. మగవాళ్ల కోటు వేసుకుని, కదలకుండా నిలబడి, తన భాషలోనే ఒక ప్రార్థన పాడింది. సెర్బియా విడిదేశంగా పాల్గొన్న మొదటిసారే గెలిచింది. అది న్యాయమైన గెలుపే, వాదించను. కానీ ఆ పాట నేను తర్వాత విన్నది రెండుసార్లో మూడుసార్లో. వెర్కా పాట మా ఇంట్లో ప్రతి పుట్టినరోజుకూ మోగుతుంది.

2008 చివర్లో హైదరాబాద్ వచ్చేశాను. యూరోవిజన్ వదల్లేదు. మనకు అది అర్ధరాత్రి పన్నెండున్నరకు మొదలై తెల్లవారుజామున నాలుగు దాటేదాకా సాగుతుంది. శివరాత్రి జాగారం అని మా ఆవిడ పేరు పెట్టింది. ఏదో ఒక కారణంతో ఇంట్లో ఎవరో ఒకరు తోడు కూర్చునేవాళ్లు.

2012లో అజర్‌బైజాన్‌లోని బాకు నుంచి పోటీ ప్రసారమవుతున్నప్పుడు అమ్మా నాన్నా మా దగ్గరే ఉన్నారు. మొదటి పాటే బ్రిటన్‌ది. 76 ఏళ్ల ఎంగెల్బర్ట్ హంపర్డింక్. నాన్న నిద్రమత్తులోంచి లేచి కూర్చున్నాడు. "వీడు మన మద్రాసులో పుట్టాడురా!" అన్నాడు. నిజమే, 1936లో మద్రాసులోనే పుట్టాడు, తండ్రి సైన్యంలో ఉండేవాడు. నాన్న గిండీలో చదువుకునే రోజుల్లో హాస్టల్లో ఎవరి దగ్గరో ఆయన రికార్డులుండేవట. లైనులో నిలబడి వినేవాళ్లమన్నాడు. ఇక నేనూ ఆపలేకపోయాను. 1968లో బ్రిటన్ తరఫున పాడి, ఒకే ఒక్క పాయింటుతో స్పెయిన్ చేతిలో ఓడిపోయిన క్లిఫ్ రిచర్డ్ లక్నోలో పుట్టాడని చెప్పాను. "చూశావా, మన గడ్డ మీద పుట్టినవాళ్లకు అక్కడ అన్యాయం జరుగుతోంది" అని నాన్న తేల్చేశాడు. తెల్లారుజామున ఫలితాలు వచ్చేసరికి హంపర్డింక్ 26 మందిలో 25వ స్థానం, 12 పాయింట్లు. నాన్న మొహం చూసి నేను టైగెన్ కథ మొదలుపెట్టాను. వినలేదు. "మద్రాసు ఎండలో పుట్టినవాణ్ణి మొదటి పాటకు నిలబెడితే ఇంతే, జనం అప్పటికింకా సీట్లలో సర్దుకుంటూ ఉంటారు" అన్నాడు. ఎండకీ దానికీ సంబంధం ఏమిటో అడగలేదు.

అమ్మ లేచింది మాత్రం రష్యా మామ్మల కోసం. ఉద్ముర్తియాలో బురనోవో అనే పల్లెటూరి నుంచి వచ్చిన ఆడవాళ్లు ఆరుగురు, తలకు గుడ్డలు, మెడలో నాణేల దండలు, కాళ్లకు నారచెప్పులు. వేదిక మధ్యలో పొయ్యి. పాడుతూనే అందులోంచి కాల్చిన పిండివంట పళ్లెం తీస్తారు. అందరిలోకి పొట్టి మామ్మ, పళ్లు సగమే ఉన్నావిడ, పిల్లలా నవ్వుతుంది. ఊళ్లో చర్చి కట్టించుకోవడానికి పాడుతున్నారని చెప్పాను. "గుడి కోసం హరికథ పెట్టించినట్టు" అంది అమ్మ. పాటంతా అయ్యాక ఆవిడ అడిగిన ఒకే ప్రశ్న: "ఆ పళ్లెంలోవి తర్వాత ఎవరు తిన్నారు?" ఆ ఏడాది గెలిచింది స్వీడన్ లోరీన్, చీకట్లో, ఉత్తకాళ్లతో, రాలుతున్న మంచు కింద. గొప్ప ప్రదర్శన అది. మామ్మలు రెండో స్థానం. మా ఇంట్లో మాత్రం ఓటింగు ఏకగ్రీవం.

2017కి మా పాపకు ఏడేళ్లు. ఇటలీ నుంచి ఫ్రాంచెస్కో గబ్బాని వచ్చాడు, పక్కన గొరిల్లా తొడుగు వేసుకున్న మనిషి స్టెప్పులేస్తాడు. పాటలో మధ్యమధ్య "నమస్తే, అలే!" అని కేక. తూర్పు దేశాల ధ్యానాన్నీ కర్మనూ ఫ్యాషన్‌లా వాడుకునే పడమటివాళ్లను వెక్కిరించే పాట అది. ఆ సంగతి పాపకు అక్కర్లేదు. మరో నెల రోజులు ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ "నమస్తే అలే" అని గొరిల్లాలా గంతేసి మరీ చెప్పింది. మా మేనమామ మర్యాద నేర్పలేదా అని కోప్పడ్డాడు. నేర్పాను, చేతులు జోడిస్తోంది కదా అన్నాను. గొరిల్లాకు ఆరో స్థానం వచ్చింది.

పాప నిద్రపోయాక పోర్చుగల్ పాట వచ్చింది. సల్వదోర్ సొబ్రాల్, పొడుగు జుట్టు, ఒంటికి వదులుగా ఉన్న కోటు. గుండెజబ్బు మనిషి, ఆ ఏడాది చివర్లో గుండె మార్పిడి జరిగింది. నిప్పులు లేవు, రెక్కలు లేవు, వెనక ఆడేవాళ్లు లేరు. అక్క లూయిజా రాసిన పాటను, చేతివేళ్లు గాల్లో ఏదో వెతుక్కుంటున్నట్టు కదుపుతూ, చెవిలో చెప్పినట్టు పాడాడు. 1964 నుంచి పోటీపడుతూ ఒక్కసారీ గెలవని దేశం. 758 పాయింట్లతో గెలిచింది. చివర్లో అక్కను వేదిక మీదకు పిలిచి ఇద్దరూ కలిసి మళ్లీ పాడారు. నాకు పావులో ద కార్వాల్యో గుర్తొచ్చాడు, మూడు పాయింట్ల పాట. తెల్లవారుజామున నాలుగున్నరకు ఎవరితో చెప్పుకోను? మా లీడ్‌కు మెసేజ్ పెట్టాను. క్షణంలో జవాబు, ఒక్క పదం: "లిస్బన్." ఆయనా అదే అనుకుంటున్నాడు.

2023లో ఫిన్లాండ్‌కు మళ్లీ ఆశ పుట్టింది. కారియా అనే కుర్రాడు, గిన్నెలా కత్తిరించిన జుట్టు, చిలకపచ్చ రంగులో చేతులు మాత్రమే ఉన్న చొక్కా. మొదట్లో వెల్డింగ్ దుకాణంలాంటి రాక్, సగం నుంచి పెళ్లి ఊరేగింపు డాన్స్. లివర్‌పూల్ హాలంతా "చా చా చా" అని అరుస్తోంది. జనం ఓట్లలో 376, అందరికన్నా ఎక్కువ. జడ్జీలు మాత్రం లోరీన్‌కే 340 ఇచ్చారు, కారియాకు 150. మొత్తం కలిపితే లోరీన్ 583, కారియా 526. స్వీడన్ చేతిలో, అదీ రెండోసారి గెలుస్తున్న మనిషి చేతిలో. మా పాత టీమ్ వాట్సాప్ గ్రూపులో అప్పటిదాకా వరదలా వచ్చిన మెసేజ్‌లు ఆగిపోయాయి. పావుగంట తర్వాత మా లీడ్ రాశాడు: "రెండో స్థానం బాధ ఎలా ఉంటుందో మాకు తెలియదు. ఆఖరి స్థానం అలవాటే గానీ దీనికి ప్రాక్టీసు లేదు." ఎంసెట్‌లో ఫలానా కాలేజీ ఒక్క ర్యాంకు తేడాతో పోగొట్టుకున్న నా స్నేహితుడి కథ ఆయనకు చెప్పాను. ఈసారి "అయ్యో" అనడం ఆయన వంతు.

2025లో బాసెల్ పోటీకి ఆయన రిటైరై ఏడాది దాటింది. ఆ ఏడు విచిత్రం ఏమిటంటే, స్వీడన్ తరఫున పాడింది ఫిన్లాండ్ వాళ్లు. వొరా అనే ఊళ్లో స్వీడిష్ మాట్లాడే ముగ్గురు హాస్యగాళ్లు, కాయ్ బృందం. పాట సౌనా అనే ఆవిరి స్నానపు గది గురించి, వేదిక మీదే చెక్క సౌనా కట్టి, తువ్వాళ్లతో డాన్సు. గెలుస్తారని అందరూ పందేలు కాశారు. గెలిచింది ఆస్ట్రియా నుంచి జేజే, గాజు పగిలేంత పైస్థాయిలో ఒపేరా గొంతు. ఫలితాలు వచ్చిన గంటకు మా లీడ్ దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. సరస్సు పక్కన ఆయన సౌనా, గుమ్మంలో ఆయన, తువ్వాలు, మొహం ఎర్రగా. భుజం మీద, కాస్త ముడతలు పడి, 2006 నాటి అట్ట రెక్క ఒకటి. రెండోది కుక్క కొరికేసిందట.

కింద రాశాడు: "స్వీడన్‌కు మావాళ్లు తెచ్చిన స్థానం నాలుగు. మాకు మేం తెచ్చుకున్నది పదకొండు. నాలుగూ పదకొండూ పదిహేను. ఏదీ సున్నా లేదు. ఈ ఏడాది బాగోలేదు."